కారం పొట్లం, పెప్పర్ స్ప్రే, మేడ మీద ఆదివారాలు

నాకు నైట్ డ్యూటీలు మొదలైన రోజునే మా అమ్మ ఒక కారం పొట్లం కట్టి ఇచ్చింది. గుంటూరు వాళ్లం, ఇంట్లో ఏది ఉన్నా లేకపోయినా కారానికి మాత్రం లోటుండదు. పేపరు ముక్కలో రెండు చెంచాల కారం, పైన పూలదారం. "ఎవడన్నా దగ్గరికొస్తే మొహాన కొట్టెయ్" అంది. ఆ పొట్లం నా బ్యాగులో ఏడాదిన్నర తిరిగింది. ఒకరోజు తీసి చూస్తే చెమ్మకి ముద్దకట్టి కాగితానికి అతుక్కుపోయింది. దారం ముడి విప్పడానికి పళ్లు కావాల్సొచ్చింది.

తర్వాత పెప్పర్ స్ప్రే కొన్నాను. దానికీ అదే గతి పట్టించాను.

నేను కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇల్లు శ్యామలానగర్. సెకండ్ షిఫ్ట్ వాళ్లం రికార్డులు అప్పజెప్పి కిందకి దిగేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఒక రాత్రి పక్క సందులో స్కూటీ స్టాండు తీస్తుంటే ఒకడు వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. తాగి ఉన్నాడు. నా చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. మొదట టిఫిన్ బాక్సు తగిలింది. తర్వాత ఐడీ కార్డు తాడు, ఛార్జర్ వైరు. ఆ తర్వాత గుండ్రంగా ఏదో దొరికితే పట్టి బయటికి లాగాను. అది శానిటైజర్. వాడు దాన్ని చూసి నవ్వాడు. ఈలోగా మెడికల్ షాపు కుర్రాడు షట్టర్ దించుతూ "ఏంటి సిస్టర్?" అని కేకేశాడు కాబట్టి సరిపోయింది, వాడు చెయ్యి తీసేసి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి బ్యాగు మంచం మీద బోర్లిస్తే స్ప్రే లోపలి జిప్పు అరలో ఉంది. పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు.

మా తమ్ముడు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. సంగతి విని తిడతాడనుకున్నాను. "అక్కా, సిరంజి కొని ట్రేలో పడేసినంత మాత్రాన ఇంజెక్షన్ చేయడం వచ్చేసిందా నీకు?" అన్నాడు అంతే. ఆ ఆదివారం నుంచి మేడ మీద మొదలుపెట్టాం. మూడేళ్లవుతోంది. ఇప్పుడు మా వార్డు సిస్టర్స్ నలుగురు కూడా వస్తున్నారు. అక్కడ ఏమేం చేశామో, ఏవి పనికొచ్చాయో రాస్తున్నాను.

ముందు కొనే సంగతి

పెప్పర్ స్ప్రేలో ఉండేది మిరపకాయలోంచి తీసిన ఘాటే. మిర్చి యార్డు పక్కన వెళ్తుంటే గొంతు పట్టేసే ఆ మంటే, నూనెలాగా చేసి ఒత్తిడితో క్యాన్‌లో బంధిస్తారు. కళ్లల్లో పడితే రెప్పలు వాటంతట అవే మూసుకుపోతాయి, దగ్గు ఆగదు. ఈ ప్రభావం ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట దాకా ఉంటుంది. ఆత్మరక్షణకి దగ్గర పెట్టుకోవడానికి మన దేశంలో లైసెన్సు అడగరు. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

ధర కంటే ముందు మూతి చూడండి. కొన్ని పొగలాగా విచ్చుకుంటాయి, కొన్ని సన్నటి ధారగా కొడతాయి, కొన్ని జెల్లులా వెళ్తాయి. పొగలా వచ్చేదానికి గురి పెద్దగా అక్కర్లేదు, కానీ గాలి ఎటుంటే అటు పోతుంది. ధారకి గురి కావాలి, గాలికి అంతగా చెదరదు. నేను ధార రకమే కొంటాను, ఎందుకో కింద చెప్తాను. రెండోది లాకు. బొటనవేలితో ఒక్క తోపులో తెరుచుకోవాలి. షాపులోనే, చూడకుండా, చెయ్యి వెనక్కి పెట్టుకుని తెరవగలరో లేదో చూడండి. మూడోది గడువు తేదీ. గడువు దాటితే లోపలి ఘాటు కంటే ముందు బయటికి తోసే ఒత్తిడి తగ్గిపోతుంది. ధార మీ చెప్పుల ముందే పడుతుంది. లిప్‌స్టిక్ ఆకారంలో, గులాబీ రంగులో వచ్చే బుల్లి క్యాన్లు నాకు నచ్చవు. అవి పిడికిట్లో నిలవవు, ఏది ముందో ఏది వెనకో చీకట్లో తెలియదు.

ఒకే రకం రెండు కొనండి. ఒకటి నేర్చుకోవడానికి ఖర్చుపెట్టేది. ఎండలో స్కూటీ డిక్కీలో మాత్రం వదలొద్దు. మన మే నెలలో డిక్కీ ఎంత కాలుతుందో మీకు తెలియంది కాదు, అది ఒత్తిడితో నింపిన డబ్బా.

ఇరవై ఒక్క అడుగులు

1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరిగెత్తుకు రావడానికి సుమారు సెకనున్నర పడుతుంది. నడుముకున్న తుపాకీ తీసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకీ దాదాపు అంతే పడుతుంది. తమ్ముడు ఇది చెప్పి, మా మేడ మీద నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల తలుపు దాకా టేపు పెట్టి కొలిచాడు. సరిగ్గా 21 అడుగులు కాదు, 22.

నేను తలుపు దగ్గర బ్యాగు తగిలించుకుని నిలబడ్డాను. వాడు ట్యాంకు దగ్గర నుంచి పరిగెత్తుకు రావాలి, నేను ఆలోగా క్యాన్ తీసి ఎత్తాలి. ఆరుసార్లు చేశాం. ఆరుసార్లూ వాడు నా భుజం తట్టేసరికి నా చెయ్యి ఇంకా జిప్పు దగ్గరే ఉంది. తర్వాత వాడిని పరిగెత్తొద్దని చెప్పి ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. జిప్పు అరలోంచి తీసి, లాకు తిప్పి, ఎత్తడానికి నాకు ఏడు సెకన్లు. కుర్తా జేబులోంచి అయితే రెండు, రెండున్నర. ముందే చేతిలో ఉంటే, బొటనవేలు లాకు మీద ఉంటే, ఎత్తడమే మిగిలింది.

అప్పటి నుంచి నా అలవాటు ఇది. ఆసుపత్రి గేటు దాటేముందే స్ప్రే కుడి పిడికిట్లోకి వస్తుంది. పిడికిలి బిగించి, బొటనవేలు పైన. స్కూటీ తాళం ఎడమ చేతిలో. స్కూటీ ఎక్కి కదిలాక కుర్తా కుడి జేబులోకి. ఇంటి గేటు దగ్గర మళ్లీ పిడికిట్లోకి. అందుకే జేబుల్లేని కుర్తాలు కొనడం మానేశాను. కుట్టే ఆవిడ ఒక్కో జేబుకి నలభై రూపాయలు తీసుకుంటుంది. స్ప్రే ఖరీదులో నిజానికి ఇది కూడా కలపాలి.

చేతిలో ఫోన్ ఉంటే? ఇది మా సిస్టర్స్‌లో ఒకమ్మాయి అడిగింది. ఫోన్ వదిలెయ్యండి. కింద పడనివ్వండి. చెప్పడం తేలికే కానీ చేతికి అది రాదు. పాత చెప్పు ఒకటి పట్టుకుని, "ఇప్పుడు" అనగానే దాన్ని వదిలేసి క్యాన్ తీసే ప్రాక్టీసు పది పదిహేనుసార్లు చేస్తే తప్ప ఆమె వేళ్లు విడవలేదు.

దిష్టిబొమ్మ, పసుపు నీళ్లు

గురి కోసం ప్రతిసారీ అసలు స్ప్రే వాడలేం. పక్కింటి వాళ్లు ఊరుకోరు. తమ్ముడు, కొత్త ఇళ్లకి కడతారే, ఆ దిష్టిబొమ్మ మొహం ఒకటి కొనుక్కొచ్చి వాడి ఎత్తుకి సరిపడా బట్టల తీగకి వేలాడదీశాడు. సన్నటి ధారగా కొట్టే నీళ్ల సీసాలో పసుపు నీళ్లు పోశాం. ఎక్కడ తగిలిందో మరకే చెప్తుంది. నావి మొదట్లో అన్నీ మీసాల మీదా, గడ్డం మీదా పడ్డాయి. భయంలో చెయ్యి కిందకి జారుతుంది. కనుబొమల మీదకి గురిపెడితే కళ్లల్లో పడతాయని అలా తెలిసింది. ఒకచోటే కాకుండా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గీత గీసినట్టు కొట్టాలి. ఒక సెకను కొట్టి ఆపి, కదలాలి.

కదలడం అంటే వెనక్కి కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనకి సహజంగా వచ్చేది వెనక్కి అడుగులు వేయడం. కళ్లు మూసుకుపోయినవాడు కూడా వచ్చిన ఊపులో తిన్నగా వస్తాడు, మీరు వెనక్కి వెళ్తే వాడి దారిలోనే ఉంటారు. పైగా వెనక ఏముందో కనబడదు. నేను పూలకుండీ తగిలి పడ్డాను. పక్కకి రెండు పెద్ద అడుగులు వేసి, అక్కడి నుంచి వెలుతురున్న వైపు పరుగు. ఎడమ చెయ్యి మొహానికి ముందు, అరచెయ్యి వాడి వైపు.

అసలు స్ప్రే ఒక్కసారైనా కొట్టి చూడాలి. రెండు కొనమన్నది అందుకే. ఊరి బయట, ఎవరూ లేని ఖాళీ స్థలంలో, గాలి మన వీపుకి తగిలేలా నిలబడి కొట్టాం. శబ్దం నేననుకున్నంత రాలేదు, ఉస్సుమంటుంది అంతే. క్యాన్ మీద పదడుగులు అని ఉన్నా ఎనిమిది దాటాక ధార వంగిపోయింది. ఒక్కో సెకను చొప్పున ఏడుసార్లు వచ్చింది. ఎనిమిదోసారి నురగ కారింది. ఈ లెక్కలు నా క్యాన్‌వి, మీ క్యాన్‌వి మీరే చూసుకోవాలి.

గాలి సంగతి ఎప్పుడూ మర్చిపోకండి. అమ్మ మాట మీద గౌరవంతో కారం పొట్లం కూడా పరీక్షించాం, కారం బదులు గోధుమపిండితో. ఎదురుగాలికి అదంతా నా మొహాన, జుట్టున. అమ్మ చూసి నవ్వింది, తర్వాత మళ్లీ పొట్లం మాట ఎత్తలేదు.

నాలుగు గోడల మధ్య అయితే మరీ జాగ్రత్త. మనకి పెద్ద ఉదాహరణ ఉండనే ఉంది. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెడుతుంటే అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. అంత పెద్ద హాల్లో కూడా అటువాళ్లూ ఇటువాళ్లూ అందరూ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తారు, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. లిఫ్ట్‌లో, ఆటోలో, కారులో కొడితే మీక్కూడా పడుతుంది. నేను పొగ రకం వద్దన్నది ఇందుకే. లిఫ్ట్‌లో నాకు నచ్చని మనిషి ఎక్కితే నేను దిగిపోతాను. అది స్ప్రే కంటే చవక.

నోరు

ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. మొదటిసారి తమ్ముడు మీదకి వస్తే నా నోట్లోంచి వచ్చిన మాట: "కొంచెం జరగండి." తమ్ముడికి! అండీ అని! వాడు కూర్చుని నవ్వాడు. ఆలోచిస్తే నవ్వే విషయం కాదు. రోజంతా పేషెంట్లతో, వాళ్ల బంధువులతో, డాక్టర్లతో అండీ అండీ అని తిరిగే గొంతు, టెన్షన్ వస్తే ఇంకా మెత్తబడుతుంది. మిగతా సిస్టర్స్ కూడా అంతే. ఒకావిడ అయితే "ప్లీజ్ అన్నా" అంది.

మీద పడబోయేవాడిని అన్నా అనొద్దు, అండీ అనొద్దు. చిన్న మాటలు ఎంచుకోండి. మేం రెండే పెట్టుకున్నాం: "ఆగు!", "రాకు!" కడుపులోంచి, వీధి చివరికి వినబడేలా. మూడోసారి అరిచేటప్పుడు చుట్టుపక్కలవాళ్ల కోసం గుర్తు కలపాలి: "ఎర్ర చొక్కా, ఆగు అక్కడే!" ఎందుకంటే మన దగ్గర ఆడా మగా గొడవపడుతుంటే మొగుడూ పెళ్లాలేమో, మనకెందుకులే అనుకుంటారు. "నువ్వెవరో నాకు తెలీదు, ఆగు!" అంటే ఆ అనుమానం తీరిపోతుంది.

మేడ మీద అరవడానికి సిగ్గేస్తే ముందే పక్కింటి వాళ్లకి చెప్పండి. మేం చెప్పలేదు. మొదటివారం మూడిళ్ల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒక విధంగా సంతోషమే అనిపించింది.

కొట్టకపోవడం కూడా నేర్చుకోవాలి

రెండు నెలలయ్యాక తమ్ముడు ఆట మార్చాడు. వాడేం చేస్తాడో ముందు చెప్పడు. ముందు నన్ను మెట్లు రెండుసార్లు ఎక్కించి దింపుతాడు, గుండె దడదడలాడుతూ వేళ్లు వణికేదాకా. అప్పుడు మొదలు. ఒక్కోసారి చీకట్లోంచి "టైమెంతండీ?" అంటూ మామూలుగా నడిచొస్తాడు. ఒక్కోసారి అడ్రస్ అడుగుతాడు. ఒక్కోసారి అడ్రస్ అడుగుతూనే మరో అడుగు ముందుకేస్తాడు. పదిసార్లలో ఏడుసార్లు వాడు మామూలు మనిషే.

నేను మొదటిరోజు అడ్రస్ అడిగిన పాపానికి పసుపు నీళ్లతో వాడి చొక్కా తడిపేశాను. ఆసుపత్రి బయట నిజంగా అలా చేసి ఉంటే, అతను ఏ పేషెంటు అన్నయ్యో, రక్తం కోసం బ్లడ్ బ్యాంకు దారి అడుగుతున్నవాడో అయి ఉండొచ్చు. ఇప్పుడు నాకొక గీత ఉంది. రెండు చేతుల బారు దూరంలో ఉన్నంతసేపు జవాబు చెప్తాను. ఆ గీత దాటితే పక్కకి జరిగి "ఆగు" అంటాను. మంచివాడు ఆగిపోతాడు, కంగారుపడి సారీ కూడా చెప్తాడు. విన్నాక కూడా మరో అడుగు వేసేవాడి విషయంలో నాకు ఇక అనుమానం ఉండదు.

ఇంకో ఆట ఖాళీ క్యాన్‌ది. నొక్కుతాను, ఏమీ రాదు. కొత్తవాళ్లు దాన్ని చూస్తూ ఊపుతూ నిలబడిపోతారు. క్యాన్ వాడి మొహం మీదకి విసిరేసి పరుగు. తాగినవాడికీ మత్తులో ఉన్నవాడికీ మంట ఆలస్యంగా తెలియొచ్చు, అసలు ఆగకపోవచ్చు కూడా. కాబట్టి స్ప్రే కొట్టి నిలబడి చూడకండి. మనకి కావల్సింది నాలుగైదు సెకన్లు, షట్టర్ ఎత్తి ఉన్న షాపు దాకా వెళ్లడానికి.

మిగతా సామాన్లు

పిన్ను లాగితే కూసే చిన్న అలారం నేను తాళంగుత్తికి తగిలించాను. ఎవరికీ హాని లేదు, పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. నెలకోసారి లాగి బ్యాటరీ చూసుకోవాలి. మంచి టార్చి చీకటి సందుకి చాలా మేలు, వాడు దగ్గరికి రాకముందే కనబడతాడు. కరెంటు షాకు ఇచ్చే టార్చిలు అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. నేను కొనను. అవి పనిచేయాలంటే ఒంటికి ఆనించి పట్టుకోవాలి. అంత దగ్గరికి వచ్చినవాడు దాన్ని లాక్కోగలడు కూడా. కత్తి గురించి కూడా ఇదే మాట.

ఫోన్‌లో 112 ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. అది ఈ రాత్రే పెట్టుకోండి.

కళ్లల్లో పడితే

ఇది నర్సుగా చెప్తున్నాను. మీకో, పక్కవాళ్లకో పడితే మొదట గాలి తగిలే చోటికి రండి. రుద్దొద్దు. రుద్దితే నూనె ఇంకా పరుచుకుంటుంది. కాంటాక్ట్ లెన్సులు ఉంటే చేతులు సబ్బుతో కడిగాక తీసేయండి. గబగబా రెప్పలార్పుతూ చల్లటి నీళ్లు ధారగా, కనీసం పది పదిహేను నిమిషాలు. చర్మానికి సబ్బు. పాలు పోయాలని అందరూ అంటారు. పాలు, బేబీ షాంపూ, నీళ్లు వగైరా పోల్చి చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు, ఎక్కువగా పనిచేసేది కాలమే. పాలప్యాకెట్ కోసం పరిగెత్తకుండా పక్కనున్న కుళాయి తిప్పండి. ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి ఆడకపోతే, ఇంకెవరికైనా గంట తర్వాత కూడా చూపు మసకగా ఉంటే ఆసుపత్రికి.

చట్టం

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 37లో ఒక షరతు ఉంది: రక్షించుకోవడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చేయకూడదు. వాడు కళ్లు పట్టుకుని కూలబడ్డాక కోపం కొద్దీ మళ్లీ కొడితే, తన్నితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు దీన్ని తీయకండి. ఒక గొడవలో పెప్పర్ స్ప్రే వాడినవాళ్లు తమ మీద కేసు కొట్టేయమని అడిగితే 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు, ప్రాణం మీదకి వచ్చిన పరిస్థితి కానప్పుడు అది ప్రమాదకరమైన ఆయుధమేనంది. నిజంగా వాడాల్సొస్తే ఫోన్ మీరే ముందు చేయండి, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. విమానం ఎక్కేరోజు మాత్రం క్యాబిన్ బ్యాగులోంచి, జేబులోంచి తీసేయండి.

నా క్యాన్ గడువు ఈ నెలాఖరుకి అయిపోతోంది. కొత్తది వచ్చింది, మూత మీద మార్కర్‌తో తేదీ రాసి జేబులో వేశాను. పాతదాన్ని ఆదివారం ఊరి బయటకి తీసుకెళ్తున్నాం. ఈసారి కొడతానన్నది మా అమ్మ. తమ్ముడు ఆవిడకోసం ల్యాబ్ కళ్లద్దాలు తెచ్చి పెట్టాడు, ఆవిడ మాత్రం కొంగుకి గాలి ఎటు వీస్తోందో ఇప్పటి నుంచే చూసుకుంటోంది.